ఛాందసుడు అనగా ఎవడు?

ధ్యాన భాగము: లూకా 9:49–56



ఇతరుల నమ్మకమును సహింపనివానిని మనము ఛాందసుడందుము. ఈ మాట విసరుట తేలిక. అర్థమెరిగి వాడుట మేలు.

ఛందస్సు అనగా వేదము. వేదము చదివినవాడు ఛాందసుడు. కాబట్టి మొదట ఇది గౌరవముగల మాట. కాలక్రమమున అక్షరమును పట్టుకొని భావమును విడిచినవానికిని, తన ఆచారమే ఆచారమని పరులను త్రోసివేయువానికిని ఈ పేరు నిలిచెను.

విజయనగరమున గురజాడ అప్పారావుగారు రచించిన కన్యాశుల్కము నాటకము 1892లో మొదట ప్రదర్శింపబడెను. అందులో అగ్నిహోత్రావధానులు వేదము చదివినవాడే. అయినను రొక్కము కొరకు పసిపిల్లను ముసలివానికి ఇయ్యబూనెను. భార్య వెంకమ్మ ఏడ్చినను వినడాయెను. కాదన్నవారిమీద మండిపడెను. ఈ నాటకము వ్రాసిన అప్పారావుగారు బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవారే. పొరుగింటిని కాదు, తన ఇంటినే ఆయన పరీక్షించెను. గనుక ఈ మాటను ఒక కులమునకు పేరుగా వాడుట న్యాయము కాదు.

మన ఇంటిని మనము చూచుకొందము. తమతో తిరుగనివాడొకడు యేసు పేరట దయ్యములను వెళ్లగొట్టుచుండగా యోహాను అడ్డగించెను. ప్రభువు అడ్డగింపవద్దనెను. తరువాత ఒక సమరయ గ్రామము ఆయనను చేర్చుకొనకపోగా, యాకోబును యోహానును ఆ ఊరిమీద అగ్ని కురియవలెనని కోరిరి. అప్పుడు గద్దింపు పొందినది సమరయులు కారు, శిష్యులే!

మన ప్రాంతమున బొబ్బిలి, టెక్కలి వైపు కెనడా బాప్తిస్టు మిషనెరీలును, సాలూరు వైపు జర్మనీ లూథరన్ మిషనెరీలును పనిచేసిరి. వారు విశ్వసించినవారిని నీట ముంచి బాప్తిస్మమిచ్చిరి. వీరు పసిబిడ్డలకును ఇచ్చిరి. ఇప్పుడు ఒక సంఘపు పిల్ల మరియొక సంఘపు ఇంట కోడలైనప్పుడు, "నీది బాప్తిస్మమే కాదు" అని దెప్పు అత్తవారు కలరు. ఆ పిల్ల మనసు విరిగి గుడికి వచ్చుట మానినయెడల దేవునికి లెక్క చెప్పవలసినదెవరు?

అయితే గట్టిగా నమ్మిన ప్రతివాడును ఛాందసుడు కాడు. సారా ముట్టనివాడు, ఆదివారము నాగలి కట్టనివాడు నిష్ఠగలవాడు. నిష్ఠగలవాడు తన కాడిని తాను మోయును. ఛాందసుడు దానిని పరుల మెడమీద పెట్టును. అడిగినప్పుడు నిష్ఠగలవాడు నెమ్మదిగా జవాబిచ్చును; ఛాందసుడు కోపించును. అన్యజనులలోనుండి వచ్చిన శిష్యుల మెడమీద కాడి పెట్టవద్దని యెరూషలేము సభలో పేతురు వాదించిన సంగతి అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయములో చదువుడి.

బాప్తిస్మమును గూర్చి మన సంఘము నమ్మినదానిని విడువనక్కరలేదు. కాని ఆ కోడలిని అవిశ్వాసురాలనుట మానవలెను. అట్టి పిల్ల మీ వీధిలో ఉన్నయెడల, ఈ వారమే ఆమె ఇంటికి వెళ్లుడి. వాదము పెట్టుకొనక, ఆమెతో కూర్చుండి ప్రార్థించుడి. ఆమె చేయు ప్రార్థనకు మీరును ఆమేన్ చెప్పుడి.