ఓరుగల్లు మట్టికోట

ఓరుగల్లు పేరు వినగానే కీర్తితోరణాలు స్ఫురిస్తాయి. శిల్పశోభతో విలసిల్లే ఆ తోరణాలను పరివేష్టించి 45 బురుజుల రాతికోట, దానికి వెలుపల సుమారు 2.4 కిలోమీటర్ల వ్యాసంతో మట్టికోట ఉన్నాయి. రాతికోటను చూసి అబ్బురపడే సందర్శకులు మట్టికోటను సహజమైన దిబ్బగా భావించి దాటిపోతుంటారు. నిజానికి అది మానవనిర్మితమైన దుర్గప్రాకారం.

కాకతీయ చక్రవర్తి గణపతిదేవుని కాలంలోను, ఆయన కుమార్తె రుద్రమదేవి పాలనలోను ఈ దుర్గం పటిష్ఠమైంది. అగడ్త తవ్వగా వెలువడిన మన్ను ప్రాకారానికి ఉపకరించింది. ఒకే శ్రమతో రెండు రక్షణలు సమకూరాయి. శత్రువు మొదట అగడ్తలోనికి దిగాలి. పిదప ఏటవాలు కట్టను ఎక్కాలి. పైగా దట్టమైన మట్టి, రాయివలె బీటలు వారక, తాకిడిని తనలోనే ఇముడ్చుకుంటుంది.

ఈ గుణం 1309-10 నాటి ముట్టడిలో వెల్లడైంది. ప్రతాపరుద్రుని పాలనాకాలంలో మాలిక్ కాఫూర్ సేనలు ఓరుగల్లును చుట్టుముట్టాయి. ఢిల్లీ ఆస్థానకవి అమీర్ ఖుస్రో సైతం ఈ మట్టిగోడ కాఠిన్యాన్ని తన పారశీక గ్రంథంలో వర్ణించాడు. ప్రత్యర్థి పక్షానికి చెందిన కవి ప్రశంస కనుక దానికి విలువ ఎక్కువ. చివరకు 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల వశమైంది.

నేడు మట్టికోటకు వేరొక ముప్పు ఏర్పడింది. నగరం విస్తరించిన కొద్దీ కట్టపైన, దాని చెంత ఇండ్లు వెలిశాయి. 1958 నాటి పురాతన కట్టడాల చట్టానికి 2010లో జరిగిన సవరణ, రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు నూతన నిర్మాణాలను నిషేధించింది. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి చేసింది. అయితే కోటలో తరతరాలుగా నివసిస్తున్న ప్రజలకు గూడు కూడా అవసరమే. వారి సహకారం లేనిదే చట్టం సఫలం కాదు.

కూలిన రాతిగోడ రాళ్లను తిరిగి పేర్చవచ్చు. తవ్విన మట్టికట్టను మునుపటివలె నిలపడం అసాధ్యం. ఏ పొర ముందు వేశారో, ఎప్పుడు మరమ్మతు చేశారో తెలిపే ఆధారం ఆ పొరలతోనే నశిస్తుంది. శిల్పం లేనంత మాత్రాన చరిత్ర లేదనుకోవడం తగదు. మట్టికోటను గుర్తించడమే దాని పరిరక్షణకు తొలిమెట్టు.

అర్థాలు
పరివేష్టించి = చుట్టుకొని
అగడ్త = కోట చుట్టూ తవ్విన కందకం
ప్రాకారం = కోటగోడ
కాఠిన్యం = గట్టిదనం

ప్రశ్నలు
1. మట్టికోట శత్రువులను ఎట్లు నిరోధించేది?
2. అమీర్ ఖుస్రో ప్రశంసకు విలువ ఎక్కువని ఎందుకు చెప్పవచ్చు?
3. కట్టడాల రక్షణ, ప్రజల నివాసావసరం - ఈ రెండింటి సమన్వయాన్ని గూర్చి మీ అభిప్రాయం రాయండి.