కంప్యూటర్ మెమరీ: వేగం వేరు, జాప్యం వేరు

పిల్లలూ! ఇంట్లో కంప్యూటర్ కాస్త నెమ్మదించగానే "మెమరీ మార్పించండి నాన్నా" అంటారు మీరు. తీరా కొనబోతే డబ్బా మీద డీడీఆర్4, 3200, సీఎల్16 అంటూ ఏవేవో అంకెలు. పెద్ద అంకె ఉన్నదే మంచిదనుకుని డబ్బు పోసేవాళ్ళు చాలామంది. ఆ అంకెలను చదవడం ఈ రోజు నేర్చుకుందాం. కూడికలు అక్కర్లేదు, హెచ్చవేత, భాగహారం వస్తే చాలు.

బంతి భోజనం

పెళ్ళిలో బంతి భోజనానికి కూర్చున్నారనుకోండి. మీరే ప్రాసెసర్. ఆకులో ఉన్న పప్పు, పచ్చడి వెంటనే చేతికందుతాయి. ఇది ప్రాసెసర్‌లోనే ఉండే క్యాష్ మెమరీ. చాలా చిన్నది, చాలా చురుకైనది. వంటశాలలో గిన్నెల్లో సిద్ధంగా ఉన్న వంటకాలు ర్యామ్. కొట్టుగదిలో బస్తాల్లో ఉన్న బియ్యం, కందిపప్పు డిస్కు.

"సాంబారు!" అని పిలిచారు. వడ్డించేవారు వచ్చి మొదటి గరిటె వేసేదాకా పట్టే సమయమే లేటెన్సీ. తెలుగులో జాప్యం అందాం. వచ్చాక నిమిషానికి ఎంత సాంబారు వడ్డించగలరన్నది బ్యాండ్‌విడ్త్, అంటే వడ్డన వేగం. గరిటె పెద్దదైనంత మాత్రాన వంటశాల దగ్గరకు రాదు కదా! ఈ తేడా గుర్తుంటే సగం పాఠం వచ్చినట్టే.

తరాలు

ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరుతో ఒక బిట్టును దాచే పద్ధతిని ఐబీఎం సంస్థలో పనిచేసిన రాబర్ట్ డెనార్డ్ 1966లో ఊహించారు. 1968లో పేటెంటు వచ్చింది. దీన్నే డీర్యామ్ అంటారు. ఈ కెపాసిటరు చిల్లికుండ వంటిది. అందులోని విద్యుత్తు కారిపోతూ ఉంటుంది కనుక, సెకనుకు పదిసార్లకు పైగా తిరిగి నింపుతూ ఉండాలి. కరెంటు పోతే అంతా మరిచిపోతుంది. హోంవర్కు మధ్యమధ్యలో సేవ్ చేయమనేది అందుకే!

1990లలో వచ్చిన ఎస్‌డీర్యామ్, గడియారం ఒక్కసారి కొట్టుకుంటే ఒక్కసారే డేటా పంపేది. డీడీఆర్ అంటే డబుల్ డేటా రేట్. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ సరుకు మోసే బండిలా, ఒక్కో టిక్కుకు రెండుసార్లు పంపుతుంది. ప్రమాణాలు వెలువడిన సంవత్సరాలు, వోల్టేజీలు ఇవి:

డీడీఆర్ – 2000 – 2.5 వోల్టులు
డీడీఆర్2 – 2003 – 1.8 వోల్టులు
డీడీఆర్3 – 2007 – 1.5 వోల్టులు
డీడీఆర్4 – 2012 – 1.2 వోల్టులు
డీడీఆర్5 – 2020 – 1.1 వోల్టులు

ఒక తరం మెమరీ ఇంకో తరం బోర్డులో పట్టదు. గాటు ఉండే చోటు మారుతుంది. బలవంతంగా నొక్కకండి.

లెక్క చేద్దాం

డీడీఆర్4-3200లో 3200 అంటే సెకనుకు 320 కోట్ల బదిలీలు. ఒక్కో బదిలీకి 8 బైట్లు. 3200ను 8తో హెచ్చిస్తే 25,600. అంటే సెకనుకు 25.6 గిగాబైట్లు. పాత డీడీఆర్-400కి ఇదే లెక్క వేస్తే 3.2 గిగాబైట్లే.

ఇక సీఎల్. డేటా అడిగాక ఎన్ని టిక్కులు ఆగాలో చెప్పే అంకె ఇది. టిక్కులు సమయం కాదు, టిక్కు ఎంతసేపో కూడా చూడాలి. సూత్రం సులభం: సీఎల్‌ను 2000తో హెచ్చించి, వేగం అంకెతో భాగించండి. జవాబు నానోసెకన్లలో వస్తుంది.

డీడీఆర్-400, సీఎల్3: 15
డీడీఆర్3-1600, సీఎల్11: 13.75
డీడీఆర్4-3200, సీఎల్22: 13.75
డీడీఆర్4-3200, సీఎల్16: 10

చూశారా! వడ్డన వేగం 8 రెట్లు పెరిగింది. జాప్యం మాత్రం అంతగా తగ్గలేదు. కెపాసిటరులోని అతి కొద్ది విద్యుత్తును గుర్తించడానికి కొంత సమయం పట్టి తీరుతుంది. గడియారాన్ని పరుగెత్తించినా అది తగ్గదు.

తల్లిదండ్రులకు

పాత మెమరీ మీద పీసీ3200 అని ఉంటే డీడీఆర్4-3200 అనుకోకండి. అది డీడీఆర్-400. అక్కడి 3200 సెకనుకు మెగాబైట్లు.

కొనేముందు టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత నిండిందో చూడండి. నిండిపోతే కంప్యూటర్ మాటిమాటికీ డిస్కుకు, అంటే కొట్టుగదికి పరుగెత్తాలి. ఎస్‌ఎస్‌డీ అయినా ర్యామ్ కంటే కొన్ని వందల రెట్లు ఆలస్యం. అప్పుడు కావలసింది ఎక్కువ మెమరీ. సగమే నిండి ఉంటే, మామూలు చదువు పనులకు ఖరీదైన పెద్ద అంకె వల్ల పెద్ద తేడా కనబడదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మెమరీ బోర్డుకే అతికించి ఉంటుంది, మార్చలేం. అదీ ముందే కనుక్కోండి.

పిల్లలకు అభ్యాసం

1. డీడీఆర్5-4800 సీఎల్40, డీడీఆర్5-6000 సీఎల్30: దేనికి జాప్యం తక్కువ?
2. జాప్యానికీ వడ్డన వేగానికీ తేడాను అమ్మమ్మకో తాతయ్యకో ఫోనులో తెలుగులోనే చెప్పండి. వాళ్ళకు అర్థమైతే మీకు వచ్చినట్టే.

(మొదటిదానికి జవాబు: రెండోది. 16.67కు బదులు 10 నానోసెకన్లు.)