కణితిలో కాపురమున్న సూక్ష్మజీవులు

మన పెద్దలు కాన్సరును రాచపుండు అనిరి. ఆ పేరు వినబడినంతనే రోగికి వేరు కంచము, వేరు చెంబు పెట్టు ఇండ్లు ఇప్పటికిని కలవు. కాన్సరు కణితులలో సూక్ష్మజీవులు నివసించుచున్నవను వార్తలు వచ్చుచుండుటచే ఈ భయము మరింత హెచ్చునేమోయని మాకు తోచినది. మేళ్లచెరువు శివరాత్రి జాతరకు వచ్చిన రైతు ఒకరు “అట్లయిన ఇది అంటువ్యాధియేనా?” అని అడిగినచో కాదని నిస్సంశయముగా చెప్పవలెను. రోగితో కలిసి భుజించుటవలన, రోగికి సేవ చేయుటవలన కాన్సరు రాదు.

అయితే సూక్ష్మజీవులకును కాన్సరునకును సంబంధమే లేదనుటయు సత్యము కాదు. 1982లో ఆస్ట్రేలియా దేశపు వైద్యులు మార్షల్, వారెన్ అనువారు జీర్ణకోశములోని హెలికోబాక్టర్ పైలోరీ అను సూక్ష్మజీవిని ప్రయోగశాలలో పెంచిరి. కడుపులోని పుండ్లకు అది కారణమని తేలినది. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. జీర్ణకోశపు కాన్సరునకు అది ఒక కారణమని 1994లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. ఈ సూక్ష్మజీవి ఒకరినుండి మరొకరికి సోకవచ్చును. సోకినవారిలో కాన్సరు వచ్చువారు మాత్రము కొలదిమందియే. సోకునది సూక్ష్మజీవి, కాన్సరు కాదు. ఈ భేదమును పాఠకులు గ్రహింప ప్రార్థన.

ఇక కణితి లోపలి సంగతి. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధనలో రొమ్ము, ఊపిరితిత్తులు, అండాశయము, క్లోమము, చర్మము, ఎముక, మెదడు అను ఏడు చోట్ల కాన్సరులకు సంబంధించిన 1,526 నమూనాలను పరీక్షించిరి. సూక్ష్మజీవులు పెక్కింట కణముల లోపలనే దాగియుండెను. రొమ్ము కణితులలో వాని రకములు అధికముగా కనబడెను. అవి కణితిని పుట్టించినవా, పుట్టిన కణితిలో చోటు చూచుకొని చేరినవా అనునది వేరు ప్రశ్న. పాడుబడిన ఇంటిలో గబ్బిలములు చేరినంతమాత్రమున ఆ ఇంటిని అవియే కూల్చినవని అనరాదుగదా!

చికిత్స విషయములో మాత్రము వాని పని స్పష్టముగా కనబడినది. క్లోమపు కాన్సరునకు జెమ్‌సిటాబిన్ అను మందు నిచ్చుదురు. 2017లో ఇజ్రాయెలు, అమెరికా శాస్త్రజ్ఞులు 113 క్లోమపు కణితులను పరీక్షింపగా 86 కణితులలో సూక్ష్మజీవులు కనబడెను. వీనిలో కొన్ని జాతులు ఒక ఎంజైమును తయారుచేసి ఆ మందును నిర్వీర్యము గావించును. సాగరు ఎడమ కాలువ క్రింద సేద్యము చేయువారికి ఇది వివరింప నక్కరలేదు: తూము వద్ద విడిచిన నీరు చివరి మడికి చేరకమున్నే త్రోవలో మరొకరు మళ్ళించుకొన్నట్లే. ఎలుకలకు సిప్రోఫ్లాక్సాసిన్ కూడ నిచ్చినపుడు మందు తిరిగి పనిచేసినది.

నోటిలో, పంటిచిగుళ్ళ సందున నుండు ఫ్యూసోబాక్టీరియం అను సూక్ష్మజీవి పెద్దప్రేగు కణితులలో కనబడుట మరియొక వింత. కాన్సరు కాలేయమునకు ప్రాకినపుడు అక్కడి కణితులలోను ఇది కనబడినది. ఎలుకలలో మెట్రోనిడజోల్ ఇచ్చినపుడు ఈ సూక్ష్మజీవి యున్న కణితి పెరుగుదల మందగించినది.

ఇది చదివి దుకాణములో ఆ బిళ్ళలు కొని రోగికి మ్రింగించువారు ఉందురేమోయని మా బెంగ. ఎలుకలలో జరిగినది మనుష్యులలో జరుగునని ఇంకను రుజువు కాలేదు. పైగా, శరీరపు రక్షణశక్తిని మేల్కొలుపు క్రొత్త కాన్సరు మందులు వాడుచున్నవారిలో, చికిత్సకు కొంచెము ముందుగా యాంటీబయాటిక్‌లు పుచ్చుకొన్నవారికి ఫలితము తగ్గినట్లు పలు పరిశీలనలలో కనబడినది. ప్రేగులలోని మేలుచేయు సూక్ష్మజీవులు నశించుటయే ఇందుకు కారణము కావచ్చునని పలువురి అభిప్రాయము. జ్వరము మొదలైన అవసరములకు వైద్యుడు వ్రాసినపుడు మానుట కూడ ప్రమాదమే. స్వంతముగా వాడుట, మానుట రెండును తగవు. హైదరాబాదులోని మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రికి గాని మరియొక చోటికి గాని పోవునపుడు అంతకుముందు గ్రామములో వాడిన బిళ్ళల చీటీలు, ఖాళీ అట్టలు వెంట తీసికొనిపోవలెను.

ఈ శాస్త్రము ఇంకను పసిదే. రక్తములోని సూక్ష్మజీవుల జాడలనుబట్టి కాన్సరులను గుర్తింపవచ్చునని 2020లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధన, లెక్కలలో దోషములు బయటపడగా 2024లో ఉపసంహరింపబడినది.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని ఇచట స్మరింపకుండ ఉండలేము. ఆయన అమెరికాలో నడపిన పరిశోధనలలో ఒక సూక్ష్మజీవి పెరుగుదలకు అవసరమైన ఫోలిక్ ఆమ్లమును సాధించిరి. దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిన్ 1948లో పిల్లల రక్తపు కాన్సరునకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించినది. ఆరియోమైసిన్ అను యాంటీబయాటిక్ కూడ అదే సంస్థనుండి వచ్చినది.

సూక్ష్మజీవియే మందైన సందర్భమును కలదు. క్షయ రాకుండ మన పిల్లల భుజమున వేయు బి.సి.జి. టీకాలో నుండునది బలహీనపరచిన సజీవ సూక్ష్మజీవియే. మూత్రాశయపు లోపొరకే పరిమితమైన కాన్సరునకు దీనిని వాడిన ఫలితములు 1976లో ప్రకటితమైనవి. కణితిని తొలగించిన తరువాత సన్నని గొట్టము ద్వారా దీనిని మూత్రాశయములోనికి పంపుదురు. శరీరపు రక్షక కణములు దానిపైకి వచ్చి, మిగిలియున్న కాన్సరు కణములను కూడ చంపును. మొదట వారమున కొకమారు చొప్పున ఆరు వారములు ఇచ్చుట వాడుక.