జాకోవా గ్రంథాలయము

ఐరోపా ఖండమున బాల్కన్ ద్వీపకల్పమునందు కొసొవో అను కొండల సీమ కలదు. అచ్చటి జనులలో అత్యధికులు అల్బేనియను భాష మాట్లాడువారు. వారిలో పెక్కుమంది మహమ్మదీయులు. సెర్బుల సంఖ్య స్వల్పము, వారు క్రైస్తవులు. 1998, 1999 సంవత్సరములలో సెర్బియా పాలకుల బలగములకును, స్వాతంత్ర్యము కోరిన అల్బేనియనులకును ఘోరయుద్ధము జరిగెను. వేలకొలది జనులు మడిసిరి. లక్షలకొలది జనులు కట్టుబట్టలతో పొరుగు దేశములకు తరలిపోయిరి.

ఆ సీమలోని జాకోవా పట్టణమున హదుం సులేమాన్ అను ప్రభువు పదునాఱవ శతాబ్ది చివర నొక మసీదును కట్టించెను. దాని చెంతనే 1595లో గ్రంథాలయము వెలసెను. మసీదు చుట్టును పెద్ద అంగడివీధి. వెండి పనివారు, జీనులు కుట్టువారు, దర్జీలు తండ్రి తాతల నాటినుండి ఆ చిన్న చిన్న కొయ్య దుకాణములలోనే కూర్చుండి పని చేసికొనుచుండిరి. గ్రంథాలయమున దాదాపు 200 వ్రాతప్రతులును, 1300 అరుదైన పుస్తకములును ఉండెను. వానిలో అరబ్బీ, తురుష్క భాషల గ్రంథములే గాక, అరబ్బీ లిపిలో వ్రాసిన అల్బేనియను రచనలును కలవు. పదునేడవ శతాబ్దినుండి వచ్చిన దస్తావేజులును అచ్చటనే భద్రపఱుపబడెను.

1999 మార్చి 24వ తేదీ రాత్రి నాటో కూటమి విమానములు యుగోస్లావియాపై బాంబులు వేయ నారంభించెను. ఆ రాత్రియే జాకోవా అంగడివీధికి నిప్పు పెట్టబడెను. దుకాణములు వరుసగా కాలెను. మసీదు మినారు పైభాగము కూలెను. గ్రంథాలయము గ్రంథములతో సహా భస్మమయ్యెను. వ్రాతప్రతి యన నెవరో యొకరు చేతితో వ్రాసినది. దానికి రెండవ ప్రతి యుండుట అరుదు.

కొలది దినములకే ప్రిజ్రెన్ నగరమున మఱియొక చారిత్రక భవనము ధ్వంసమయ్యెను. 1878లో అల్బేనియను నాయకులు సమావేశమై తమ సంఘమును స్థాపించిన చోటది. పల్లెలలో ‘కుల్లా’ లనబడు ఎత్తైన రాతి యిండ్లు అనేకములు కాలిపోయెను. జూన్ 13న, శాంతిసేనలు అప్పుడే ప్రవేశించుచుండగా, ప్రిష్టీనాలోని ఇస్లాము సమాజపు దస్తావేజుల భాండారము దగ్ధమయ్యెను. యుద్ధము ముగిసిన తరువాత కాల్చుటచే ఎవరికేమి లాభమో!

వీనిలో పెక్కు నాటో బాంబులచేతనే నశించినవని యుగోస్లావియా ప్రభుత్వము చాటెను. నిజము తేల్చుటకై అమెరికా దేశమునుండి ఇరువురు విద్వాంసులు 1999 అక్టోబరులో వచ్చిరి. ఆండ్రాస్ రీడ్ల్‌మేయర్ గ్రంథాలయోద్యోగి. ఆండ్రూ హెర్షర్ వాస్తుశాస్త్రజ్ఞుడు. వారు పెక్కు ఊళ్లు తిరిగి, శిథిలములను ఛాయాచిత్రములు తీసిరి. విమానమునుండి పడిన బాంబు నేలను గుంట చేయును. ఇరుగు పొరుగు ఇండ్లను గూడ కదల్చును. ప్రిజ్రెన్ భవనము కూలినను చుట్టునున్న ఇండ్లు చెక్కుచెదరలేదు! పెక్కుచోట్ల లోపల పెట్టిన నిప్పు, మందుగుండు జాడలే కానవచ్చెను. దాదాపు 600 మసీదులలో మూడవవంతు దెబ్బతినెనని వారు లెక్కదీసిరి.

యుద్ధానంతరము ప్రతీకారముగా సెర్బుల చర్చీలును పెక్కు పాడుచేయబడెను. 2004 మార్చిలో ప్రిజ్రెన్‌లోని పదునాలుగవ శతాబ్దపు ల్యెవిష్ మాత ఆలయమునకు అల్లరిమూకలు నిప్పు పెట్టెను. అందలి కుడ్యచిత్రములు పొగచేత నల్లబడెను.

జాకోవా అంగడివీధి మరల కట్టబడినది. హదుం మసీదును బాగుచేసిరి. గ్రంథములు మాత్రము తిరిగి రాలేదు. 2002లో యుగోస్లావియా మాజీ అధ్యక్షుడు మిలోసెవిచ్‌పై హేగ్ నగరమున విచారణ జరిగినప్పుడు రీడ్ల్‌మేయర్ సాక్ష్యమిచ్చెను. ముద్దాయి తానే లేచి ఆయనను ప్రశ్నించెను. తాము ఊరూరను సేకరించిన ఆధారములను బట్టి ఆయన సమాధానములు చెప్పెను.