ఫ్లైట్ సిమ్యులేటర్: పాతది చాలునా, కొత్తది కావలెనా?

ఆకాశ గమనం మానవుని చిరకాల స్వప్నం. రామాయణంలో పుష్పక విమానం ఉన్నది. సులైమాన్ ప్రవక్తకు గాలి వశమై నడిచినట్లు దివ్య ఖురాన్ తెలుపుతున్నది. క్రీ.శ. 9వ శతాబ్దంలో స్పెయిన్‌లోని కార్డోబా నగరవాసి అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ ఒంటికి ఈకలు, భుజాలకు రెక్కలు అమర్చుకొని కొంతదూరం ఎగిరాడని 17వ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మఖ్ఖరీ వ్రాశాడు. అయితే దిగేటప్పుడు ఆయన వీపుకు పెద్ద దెబ్బ తగిలిందట. పక్షులు దిగడానికి తోకను ఉపయోగిస్తాయన్న సంగతి ఆయన గమనించలేదని ఆ చరిత్రకారుని వ్యాఖ్య.

ఎగరడం కంటే దిగడం కష్టమని ఈ వృత్తాంతం మనకు తెలుపుతున్నది. దిగడం నేర్చుకోవాలంటే అనేక పర్యాయాలు తప్పు చేయక తప్పదు. ఆకాశంలో తప్పు చేసినవానికి రెండవ అవకాశం అరుదు. కనుక నేలమీదనే కూర్చొని, ప్రాణభయం లేకుండా తప్పులు చేసి సరిదిద్దుకొనే సాధనం అవసరమైంది. అదే ఫ్లైట్ సిమ్యులేటర్, అనగా విమాన చోదనను అనుకరించే యంత్రం. నేడు అది సామాన్య కంప్యూటర్‌లో ఇమిడి ఇంటికే వచ్చింది.

మన విద్యార్థులలో కొందరు ఇళ్ళలో పాత సిమ్యులేటర్లతో సాధన చేస్తున్నారు. కొత్తది వచ్చిన ప్రతిసారీ "మేము కూడా మారవలెనా?" అన్న ప్రశ్న వారి ముందు నిలుస్తున్నది. కళాశాల కంప్యూటర్ గదిలో కూడా ఇటువంటిది ఒకటి ఉంటే బాగుండునని వారు కోరుతున్నారు. "కొత్తొక వింత, పాతొక రోత" అన్నది మన సామెత. అయితే ధనవ్యయంతో కూడిన నిర్ణయానికి సామెత చాలదు. అందుచేత ఈ విషయాన్ని క్రమంగా పరిశీలించ దలచాము.

పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలోని బింగ్‌హాంటన్ పట్టణంలో పియానోలు, ఆర్గాన్‌లు తయారుచేసే కర్మాగార యజమాని కుమారుడు ఎడ్విన్ లింక్. ఆర్గాన్‌లో గాలిని నింపే తిత్తులనే ఉపయోగించి, అటూ ఇటూ ఒరిగే ఒక చిన్న విమానపు తొట్టిని ఆయన 1929లో పూర్తి చేశాడు. మొదట దానిని వినోద వస్తువుగానే చూశారు. 1934లో టపా మోసే బాధ్యత సైనిక విమానాలపై పడినప్పుడు, దట్టమైన మేఘాలలో కేవలం పరికరాలను చూచి నడపడం రాక పలువురు పైలట్లు మరణించారు. అప్పుడు గాని ఆ యంత్రం విలువ సైన్యానికి తెలియలేదు. ఆ సంవత్సరమే సైన్యం ఆరు యంత్రాలను కొనుగోలు చేసింది.

ఇంటి సిమ్యులేటర్‌కు ఆద్యుడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1975లో ఆయన ఈ విషయంపైనే సిద్ధాంత వ్యాసం సమర్పించాడు. 1979లో ఆపిల్ కంప్యూటర్ కొరకు, 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ పక్షాన ఐబీఎం కంప్యూటర్ కొరకు ఆయన సిమ్యులేటర్లు వెలువడ్డాయి. కొన్ని గీతలే నేల, కొన్ని గీతలే భవనాలు అన్నట్లుండేది ఆనాటి దృశ్యం.

2006లో వచ్చిన "ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్" దీర్ఘకాలం ఆదరణ పొందింది. 2009లో మైక్రోసాఫ్ట్ ఆ విభాగాన్ని మూసివేసింది. ఆ మూలాన్ని తీసుకొని లాక్‌హీడ్ మార్టిన్ సంస్థ 2010లో "ప్రిపేర్ త్రీడీ"ని విడుదల చేసింది. ఆస్టిన్ మేయర్ రూపొందించిన "ఎక్స్ ప్లేన్" మరొక శాఖ. దాని 12వ రూపం 2022లో వచ్చింది. స్వచ్ఛంద కార్యకర్తలు వ్రాసి ఉచితంగా పంచుతున్న "ఫ్లైట్ గేర్" మూడవ శాఖ. 2020 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని అసోబో సంస్థ చేత తయారు చేయించి మైక్రోసాఫ్ట్ మళ్ళీ రంగంలో ప్రవేశించింది. దాని తరువాతి రూపం 2024 నవంబరు 19న విడుదలైంది.

పాతదానిలోని లోపాలు

2006 నాటి సిమ్యులేటర్ 32 బిట్ పద్ధతిలో వ్రాయబడింది. కంప్యూటర్‌లో ఎంత జ్ఞాపకశక్తి ఉన్నా అది 4 జీబీకి మించి వాడుకోలేదు. వివరమైన విమానాన్ని, వివరమైన విమానాశ్రయాన్ని చేర్చుకున్నవారు గంటల తరబడి ప్రయాణించి, సరిగా దిగబోయే సమయానికి జ్ఞాపకశక్తి నిండిపోయి కార్యక్రమం ఆగిపోవడం తరచు జరిగేది. కొత్తవి 64 బిట్ పద్ధతిలో ఉన్నందున ఈ బాధ తొలగింది.

రెండవ లోపం పటానికి సంబంధించినది. హైదరాబాద్ ప్రయాణికుల విమానాలు బేగంపేట నుండి శంషాబాద్‌కు తరలినది 2008 మార్చి 23న. 2006లో తయారైన భూగోళంలో శంషాబాద్ విమానాశ్రయం ఉండే అవకాశమే లేదు. నేటి ప్రయాణాన్ని అనుకరించదలచినవారు దానిని విడిగా సంపాదించుకోవాలి. పటాలు పాతబడుతుంటాయి గనుకనే విమానయాన ప్రపంచంలో మార్గాల సమాచారాన్ని 28 రోజులకు ఒకసారి సవరించే నియమం ఉన్నది.

ఈ లోపమే కొందరికి మమకారం కావచ్చు. షికాగో సరస్సు తీరాన ఉన్న మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయం నుండే అంతకు మునుపటి పలు సిమ్యులేటర్లలో మొదటి ప్రయాణం మొదలయ్యేది. 2003 మార్చిలో ఆ నగర మేయర్ ఉత్తర్వుతో దాని రన్‌వేను రాత్రికి రాత్రి తవ్వివేశారు. ఆ పాత సిమ్యులేటర్లలో అది నేటికీ చెక్కుచెదరలేదు.

కొత్తదానిలోని విశేషాలు

2020 నాటి సిమ్యులేటర్ ఉపగ్రహాల నుండి, విమానాల నుండి తీసిన ఛాయాచిత్రాలతో భూమినంతటినీ చూపింది. పాతదానిలో సుమారు 24,000 విమానాశ్రయాలుండగా దీనిలో సుమారు 37,000 ఉన్నాయి. దీని భూగోళ సమాచారం రెండు పెటాబైట్లకు పైబడినది, అనగా 20 లక్షల జీబీకి మించినది. ఛాయాచిత్రాల నుండి త్రిమితీయ రూపం సిద్ధమైన నగరాలు కొన్నే. మిగిలిన చోట్ల చిత్రంలోని కప్పులను కంప్యూటర్ గుర్తించి, ఊహతో భవనాలను నిలుపుతుంది. కనుక రోడ్డు, చెరువు, రైలుపట్టా ఉన్నచోటనే కనిపించినా, మన వీధిలోని ఇల్లు మన ఇల్లువలె ఉండదు.

2024 రూపంలో విమానం చుట్టూ నడిచి పరీక్షించడం, మంటలార్పడం, ఆపదలో ఉన్నవారిని రక్షించడం వంటి వృత్తి ప్రయాణాలు చేరాయి. గాలి విమానంపై పనిచేసే తీరును లెక్కించే పద్ధతి కూడా మెరుగుపడింది. ఈ విషయంలో ఎక్స్ ప్లేన్ పద్ధతి విద్యార్థులు తెలుసుకోదగినది. అది రెక్కను చిన్న చిన్న ఖండాలుగా విభజించి, ఒక్కొక్క ఖండంపై పనిచేసే బలాన్ని సెకనుకు అనేక పర్యాయాలు లెక్కగట్టి, మొత్తం కూడుతుంది.

భూగోళం ఎవరి ఇంటిలో ఉన్నది?

2020 రూపానికి కంప్యూటర్‌లో 150 జీబీ స్థలం కావాలి. 2024 రూపానికి 50 జీబీ చాలునని తయారీదారులు ప్రకటించారు. కొత్తది పెద్దదై ఉండగా స్థలం ఎందుకు తగ్గింది? భూగోళంలోను, విమానాలలోను అధికభాగం మన ఇంటిలో లేదు. అది సంస్థవారి యంత్రాలలో ఉండి, మనం ఎగురుతున్నప్పుడు తీగ ద్వారా అందుతుంది.

దీనివల్ల కలిగే ఫలితాన్ని లెక్కవేసి చూద్దాము. దీనికి కనీసం 10 ఎంబీపీఎస్, తగుమాత్రంగా 50 ఎంబీపీఎస్ ఇంటర్నెట్ వేగం అవసరమని ప్రకటించారు. 10 ఎంబీపీఎస్ వేగంతో గంటసేపు ఎడతెగక అందితే అది 4.5 జీబీ అవుతుంది. ఎల్లప్పుడూ అంత వేగంతో అందకపోవచ్చును గాని, రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ పథకంపై ఆధారపడిన విద్యార్థికి ఆ లెక్కన అరగంటలోపే అది ముగుస్తుంది. బ్రాడ్‌బ్యాండ్ లేని ఇంటికి కొత్తది తగదని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

2024 నవంబరులో విడుదలనాడు లక్షలాది మంది ఒకేసారి ప్రవేశించడంతో సంస్థ యంత్రాలు ఆ భారాన్ని మోయలేకపోయాయి. సొమ్ము చెల్లించినవారు కూడా గంటల తరబడి ఎదురుచూడవలసి వచ్చింది. తరువాత పరిస్థితి చక్కబడింది. కాని పాతదానిలో భూగోళం మన సొత్తు, కొత్తదానిలో అది అద్దెది అన్న భేదం మాత్రం ఉన్నది. అద్దె ఇల్లు విశాలంగా ఉండవచ్చును. యజమాని ఏనాడైనా తలుపు మూయవచ్చునన్న సంగతి మరువరాదు.

కంప్యూటర్ సంగతి కూడా చూడాలి. 2020 రూపానికి కనీసం 8 జీబీ, తగుమాత్రంగా 16 జీబీ ర్యామ్ అడిగారు. 2024 రూపానికి అవి 16, 32 జీబీలు అయ్యాయి. దీనికి తోడు శక్తిగల గ్రాఫిక్స్ కార్డు కావాలి. సిమ్యులేటర్ వెలకంటె కంప్యూటర్ వెల అనేక రెట్లు. 2006 దాని కొరకు కొన్న అదనపు విమానాలు కొత్తవాటిలో పనిచేయవు. 2020 దాని కొరకు కొన్నవి మాత్రం అధికభాగం 2024 దానిలో పనిచేస్తాయి.

మారనిది ఏమిటి?

విద్యార్థి ముఖ్యంగా గ్రహించవలసినది ఈ భాగం. రెక్క గాలిని ఎదుర్కొనే కోణం సుమారు 15 డిగ్రీలు దాటితే ఎత్తే శక్తి పడిపోతుంది. దీనినే స్టాల్ అంటారు. ముక్కును ఇంకా పైకెత్తితే విమానం ఇంకా పడుతుంది. ముక్కును దించితేనే కోలుకుంటుంది. ఇది 1982లో ఎంత సత్యమో నేడూ అంతే సత్యం.

దిగడానికి సాధారణంగా 3 డిగ్రీల వాలును పాటిస్తారు. నేలతో పోల్చిన వేగాన్ని, నాట్లలో, 5తో గుణిస్తే నిమిషానికి ఎన్ని అడుగులు దిగాలో తెలుస్తుంది. 120 నాట్లకు 600 అడుగులు, 70 నాట్లకు 350 అడుగులు. ఈ గుణకారానికి గ్రాఫిక్స్ కార్డు అవసరం లేదు. పక్కగాలిలో విమానాన్ని రన్‌వే గీతపై నిలపడం, పరికరాలను వరుసగా చూడడం, దిగడం కుదరదనిపిస్తే వెంటనే తిరిగి పైకి లేవడం వంటి అలవాట్లన్నీ పాత సిమ్యులేటర్‌లోనూ అలవడతాయి. సిమ్యులేటర్ మారినా చేతికి వచ్చిన విద్య మనతోనే వస్తుంది. స్వచ్ఛంద కార్యకర్తలు కంట్రోలర్లుగా వ్యవహరించే వాట్సిమ్ అనే ఉచిత వ్యవస్థ 2001 నుండి ఉన్నది. అందులో చేరి రేడియో సంభాషణ కూడా అభ్యసించవచ్చు.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. మన దేశంలో వాణిజ్య పైలట్ లైసెన్సుకు 200 గంటల ప్రయాణానుభవం కావాలి. ఇంటిలో గడిపిన సిమ్యులేటర్ గంటలు అందులో లెక్కకు రావు. పైలట్ శిక్షణకు లక్షల రూపాయలు కావాలి. కొత్త సిమ్యులేటర్ కొంటే పైలట్ ఉద్యోగం దగ్గరవుతుందని ఎవరైనా విద్యార్థి తల్లిదండ్రులను ఒప్పించి అప్పు చేయిస్తే, అది ఆ కుటుంబానికి అన్యాయం చేయడమే అవుతుంది.

నిర్ణయించే విధానం

మారదలచినవారు ఈ క్రింది ప్రశ్నలకు కాగితంపై సమాధానాలు వ్రాసుకోవాలి.

1. పాత సిమ్యులేటర్‌లో మనం చేయదలచి చేయలేకపోతున్న పని ఏమిటి? ఒక్క పనిని కూడా పేర్కొనలేకపోతే మారనవసరం లేదు.

2. ఉన్న కంప్యూటర్, ఉన్న ఇంటర్నెట్ కొత్తదానికి చాలునా? చాలకపోతే సిమ్యులేటర్ వెలకు బదులు మొత్తం ఖర్చును లెక్కించాలి.

3. పాతదానికై కొన్న విమానాలలో ఎన్ని పనికివస్తాయి?

4. కొనకుండా పరీక్షించే వీలున్నదా? ఎక్స్ ప్లేన్‌కు ఉచిత నమూనా ఉన్నది. ఫ్లైట్ గేర్ పూర్తిగా ఉచితం.

నేల అందాన్ని చూస్తూ, గుర్తులను బట్టి దారి కనుగొనడం నేర్వదలచినవానికి కొత్తది నిజంగా మేలు. ఏరులు, కొండలు, రైలుమార్గాలు ఉన్నచోటనే ఉంటాయి. పరికరాలపై ఆధారపడి నడపడం నేర్చేవానికి పాతది చాలు. పెద్ద విమానాలను ఇదివరకే సమకూర్చుకున్నవారు కొంతకాలం రెండింటినీ ఉంచుకొని, కొత్తదానిలో పని పూర్తిగా సాగిన తరువాతనే పాతదాన్ని తొలగించాలి. ఎవరైనా సరే, విడుదలైన మొదటి వారంలో మారవద్దని మా సలహా.

కళాశాల విషయం

కళాశాల పాలక సంఘం వారికి మా విన్నపం ఇది. ఇప్పుడే ఖరీదైన కంప్యూటర్ కొనవద్దు. ఆ సొమ్ముతో గ్రంథాలయానికి రావలసిన పుస్తకాలు ఉన్నాయి, ఫీజు కట్టలేని విద్యార్థులు ఉన్నారు. ఉన్న కంప్యూటర్లలో ఒకదానిపై ఫ్లైట్ గేర్‌ను ఏర్పాటు చేసి, ఒక్క జాయ్‌స్టిక్ కొనిపెడితే చాలు. పక్కన ఒక నోటుపుస్తకం ఉంచి, ప్రతి విద్యార్థి తాను దిగిన ప్రతి పర్యాయం వేగాన్ని, దిగిన చోటును, చేసిన తప్పును అందులో వ్రాయాలన్న నియమం పెట్టాలి. భౌతికశాస్త్ర అధ్యాపకులు వారానికి ఒక గంట దానిని పర్యవేక్షించవచ్చు. సంవత్సరాంతానికి ఆ పుస్తకం నిండితే, కొత్తదాని అవసరమెంతో అందులోని వ్రాతలే తెలుపుతాయి. నిండకపోతే కళాశాల సొమ్ము మిగిలినట్లే.

విద్యార్థులారా, ఉన్న సాధనంతో చేయగలిగినదంతా చేసినవానికి కొత్త సాధనం విలువ తెలుస్తుంది. ఇరవై పర్యాయాలు వరుసగా రన్‌వే నడిగీతపై సరైన వేగంతో దిగిన తరువాత "ఇక నాకు ఇది చాలదు" అనండి. అప్పుడు మీ పక్షాన పాలక సంఘం వారిని అడగడానికి మేమే ముందుంటాము.