సంగీతం డిగ్రీకి లక్షలు పోయాలా?

ఇంటర్ ఫలితాలు వచ్చాక కౌన్సెలింగ్‌కి వచ్చే తల్లిదండ్రుల్లో సంగీతం ఊసెత్తేవాళ్లు తక్కువే. ఎత్తినవాళ్లలో సగంమంది, “పాట కూడు పెట్టదని మావాడికి కాస్త నచ్చజెప్పండి” అంటారు. మిగతావాళ్లు, “మా అమ్మాయి బాగా పాడుతుంది, ఎంతైనా పెడతాం, పెద్ద ఇన్‌స్టిట్యూట్ చెప్పండి” అంటారు. ఇద్దరి లెక్కా ఒకటే: సంగీతమంటే సినిమా, టీవీ వేదిక, అది దక్కకపోతే శూన్యం. ఆ లెక్కతోనే కొందరు పిల్లల్ని ఇంజినీరింగ్‌లోకి నెడుతున్నారు, కొందరు అప్పు చేసి మరీ స్టూడియో కోర్సుల్లో చేరుస్తున్నారు.

వీళ్లకు ఎవరో ఒకరు బాలు పేరు చెబుతారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం శాస్త్రీయంగా సంగీతం నేర్చుకోలేదన్నది నిజమే. కానీ ఆయన ప్రతిభను కొలమానంగా పెట్టి పదిహేడేళ్ల పిల్లల భవిష్యత్తును నిర్ణయించడం అన్యాయం. పి.సుశీల దారి చూడండి. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో డిప్లొమా, తర్వాత మద్రాసు రేడియో, ఆ తర్వాతే సినిమా. ఘంటసాల కూడా ఆ కళాశాల విద్యార్థే. ఆ ఊళ్లో మధుకరం ఎత్తుకుని కడుపు నింపుకుంటూ చదివారు. 1919లో విజయనగర సంస్థానం తెరిచిన ఆ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. వయొలిన్ చెప్పడానికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. అది ఇప్పటికీ ప్రభుత్వ కళాశాలే. ఇప్పటికీ అక్కడ సంగీతం చెబుతున్నారు. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు ఉత్తరాంధ్రలోనే బోలెడంతమంది.

ఇలాంటివి మరికొన్ని ఉన్నాయి. విజయవాడలో ఘంటసాల పేరిట ఉన్న కళాశాల, హైదరాబాద్ రాంకోఠిలో త్యాగరాజ కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల ప్రభుత్వానివి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలను తితిదే నడుపుతోంది. సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, డిప్లొమా రెండేళ్లు. సాధారణంగా పదేళ్లు నిండిన పిల్లలు సర్టిఫికెట్ కోర్సులో చేరొచ్చు. ఫీజు మధ్యతరగతి ఇంటికి భారం కాదు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. డిప్లొమా డిగ్రీ కాదు. ఆరేళ్లు శ్రద్ధగా నేర్చుకున్న పిల్లలు కూడా ఉద్యోగ ప్రకటన వచ్చాక ఈ తేడా తెలిసి కంగుతింటున్నారు. కేంద్రీయ విద్యాలయాల్లో సంగీతం పీఆర్టీ (ప్రాథమిక ఉపాధ్యాయ) పోస్టుకు ఇంటర్‌తోపాటు సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ గానీ తత్సమానం గానీ అడుగుతారు. కళాశాల అధ్యాపకుల అర్హత పరీక్ష అయిన నెట్ రాయాలంటే సాధారణంగా పీజీ కావాలి. అందుకే కళాశాలలో చేరేరోజే ఆరేడేళ్ల తర్వాత చేతిలో ఏ పట్టా ఉండాలో అనుకుని బయలుదేరాలి.

ఎనిమిదో తరగతిలో వయొలిన్ మొదలుపెట్టిన విజయవాడ అమ్మాయి ఉందనుకోండి. ఇంటర్ రెండో ఏడాదికి సర్టిఫికెట్ చేతికొస్తుంది. పగలు బీకాం, సాయంత్రం డిప్లొమా చదివితే డిగ్రీ పూర్తయ్యేలోపే డిప్లొమా కూడా అయిపోతుంది. ఆ పైన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయంలోనో, హైదరాబాద్ తెలుగు విశ్వవిద్యాలయంలోనో ఎంఏ సంగీతం. ప్రవేశ నిబంధనలు ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. తెలుగు రాష్ట్రాల్లో తక్కువ ఖర్చుతో ఎక్కువ తలుపులు తెరిచే దారి ఇదే. బీకాం ఉంది కాబట్టి సంగీతంలో పోస్టు పడేదాకా ఇంట్లో కూర్చోనక్కర్లేదు కూడా. 2022 ఏప్రిల్‌లో యూజీసీ ఒకేసారి రెండు కోర్సులు చదవడానికి అనుమతించింది. తరగతుల వేళలు ఒకదానికొకటి అడ్డురాకపోతే చాలు.

బ్యాచిలర్ డిగ్రీయే సంగీతంలో కావాలనుకుంటే ఇతర రాష్ట్రాలవైపు కూడా చూడాలి. చెన్నైలో క్వీన్ మేరీస్ ప్రభుత్వ మహిళా కళాశాల, తమిళనాడు సంగీత విశ్వవిద్యాలయం కింద నడిచే ప్రభుత్వ సంగీత కళాశాల ఉన్నాయి. తిరువనంతపురంలో స్వాతి తిరునాళ్ కళాశాల, జేసుదాసు చదివిన తృప్పూణిత్తుర ఆర్‌ఎల్‌వీ కళాశాల ఉన్నాయి. హిందుస్థానీ మీద మనసున్నవాళ్లకు 1950లో ఓంకారనాథ్ ఠాకూర్ తొలి ప్రిన్సిపాల్‌గా మొదలైన బనారస్ హిందూ విశ్వవిద్యాలయ సంగీత విభాగం ఉంది. బనారస్‌కైనా ఢిల్లీ విశ్వవిద్యాలయానికైనా ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాసి, ప్రాక్టికల్ పరీక్షలో పాడి లేదా వాయించి మెప్పించాలి. వీటన్నిటిలో ట్యూషన్ ఫీజు కన్నా హాస్టల్, ప్రయాణాల ఖర్చే ఎక్కువ.

ఇక లక్షలు పోయే దారి సంగతి. మ్యూజిక్ ప్రొడక్షన్, సౌండ్ ఇంజినీరింగ్ పేరిట ఏడాది డిప్లొమాలు హైదరాబాద్‌లో, బెంగళూరులో, చెన్నైలో వెలిశాయి. వాటిలో నిజాయతీగా నేర్పేవి లేవని కాదు. అయితే అడ్మిషన్ రోజు చూపించే పెద్ద మిక్సింగ్ కన్సోల్ ముందు విద్యార్థి కూర్చునే గంటలు వారానికి ఎన్నో ఎవరూ అడగరు. “నూటికి నూరుశాతం ప్లేస్‌మెంట్” అంటే నెల జీతమా, పనున్నప్పుడు పిలిచి ఇచ్చే రోజు కూలా అనీ అడగరు. పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరుంటుంది? ఆ పేరు యూజీసీ జాబితాలో ఉందా? “విదేశీ వర్సిటీతో అనుబంధం” అంటే ఆ వర్సిటీ డిగ్రీ ఇస్తుందా, లేక పాఠ్యప్రణాళికకు ముద్ర వేసి ఊరుకుంటుందా? జవాబులు కాగితం మీద రాసివ్వమనండి. తటపటాయిస్తే డబ్బు కట్టకుండా లేచి వచ్చేయండి. ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన రుణం అక్కడ పోయాక పిల్లవాడు నేర్చుకున్నది తిప్పికొడితే ఒక సాఫ్ట్‌వేర్.

ధ్వని మీద నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లు ఇంటర్‌లో భౌతికశాస్త్రం వదలకుండా ఏదైనా డిగ్రీ చేసి, పుణె ఎఫ్‌టీఐఐలో సౌండ్ రికార్డింగ్ పీజీ కోర్సుకు ప్రయత్నించడం మేలు. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి అక్కడివారే. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిది. అయినా ఆ పోటీకి సిద్ధం కావడానికి పెట్టిన రెండేళ్లు వృథా కావు.

గ్రేడ్ పరీక్షల విషయంలోనూ భ్రమలున్నాయి. కీబోర్డులో లండన్ ట్రినిటీ ఎనిమిదో గ్రేడ్ పాసైతే డిగ్రీ అయిపోయినట్టేనని నమ్మే ఇళ్లున్నాయి. అది మంచి శిక్షణే. చేతివేళ్లకు క్రమశిక్షణ వస్తుంది, స్టాఫ్ నొటేషన్ చదవడం వస్తుంది. కానీ ఇక్కడి ప్రభుత్వ పోస్టుకు అది డిగ్రీ స్థానంలో నిలబడదు.

అన్నిటికన్నా బాధ కలిగించేది టీవీ పోటీల కోచింగ్. ‘పాడుతా తీయగా’ లాంటి కార్యక్రమాలు మంచి గాయకుల్ని పరిచయం చేశాయి. అందులో సందేహం లేదు. వాటి చుట్టూ పుట్టిన ఆడిషన్ శిక్షణ వ్యాపారమే పిల్లల్ని నలిపేస్తోంది. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లల గొంతు మారుతుంది. తెలిసిన గురువు ఆ రోజుల్లో శ్రుతి దించి, మంద్రంలో సాధన చేయించి, పై స్థాయి జోలికి పోనివ్వరు. పోటీకి తయారుచేసేవాళ్లు మాత్రం అదే నెలలో ఐదు శ్రుతిలో తారస్థాయి పాటలు పాడిస్తారు. గొంతు బొంగురుపోయి, నాలుగో రౌండ్‌లో ఇంటికొచ్చి, ఏడాదిపాటు తంబురా ముట్టని పిల్లల్ని సంగీతం మాస్టార్లు చూస్తూనే ఉన్నారు. స్టేజీ కావాలన్న తొందర ఆ వయసు పిల్లవాడిది కాదు, వెనకున్న పెద్దలది. దాన్ని ఆపాల్సిందీ పెద్దలే.

మరి ఉద్యోగాలు? ఉన్నాయి, కానీ కుప్పలు తెప్పలుగా లేవు. 2022 చివర్లో కేంద్రీయ విద్యాలయ సంఘటన్ 303 సంగీతం పీఆర్టీ పోస్టులు ప్రకటించింది. మూలవేతనం రూ.35,400తో మొదలవుతుంది. నవోదయ విద్యాలయాల్లో సంగీత ఉపాధ్యాయుల మూలవేతనం రూ.44,900. తెలంగాణ గురుకులాల నియామక బోర్డు 2023లో పాఠశాలలకు 124 మ్యూజిక్ టీచర్ పోస్టులు ఇచ్చింది. ఇలాంటి ప్రకటనలు ఏటా రావు. వచ్చినరోజున అర్హత పత్రాలన్నీ చేతిలో ఉన్నవాళ్లదే ఉద్యోగం. ఎంఏ తర్వాత నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే పరిశోధన మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000 ఫెలోషిప్ అందుతుంది. సంగీతం కూడా నెట్ సబ్జెక్టేనని ఎంఏ చదివేవాళ్లకే చాలామందికి తెలియదు. ఆకాశవాణి ఆడిషన్‌లో బీ గ్రేడ్ వచ్చినా అది జీతమిచ్చే ఉద్యోగం కాదు. అయితే సభలవాళ్లు పిలిచేటప్పుడు, విదేశాల్లోని తెలుగు పిల్లలకు ఆన్‌లైన్ పాఠాలు చెప్పేటప్పుడు ఆ గ్రేడ్‌కు విలువుంది.

ఏం నేర్చుకోవాలన్నది కూడా ఆలోచించాల్సిందే. దరఖాస్తుల్లో గాత్రమే ఎక్కువ. కచేరీలో పాడేది ఒక్కరు. పక్కన వయొలిన్, మృదంగం, కుదిరితే ఘటమో కంజీరో ఉండాలి. కూచిపూడి బృందాలకు మృదంగం, వేణువు లేనిదే కార్యక్రమం లేదు. బాగా వాయించే కుర్రవాడికి డిసెంబరు, జనవరి నెలల్లో తీరికుండదు. నాదస్వరం, డోలు అయితే ఇంకా నయం. గుళ్లకు, పెళ్లిళ్లకు విద్వాంసులు కావాలి. తిరుపతిలో తితిదే అందుకోసమే ఎస్వీ నాదస్వర డోలు పాఠశాల నడుపుతోంది. “అది మన కులం విద్య కాదు” అని పిల్లవాడి ఇష్టాన్ని తుంచేసే ఇళ్లు ఇంకా ఉండటం సిగ్గుచేటు.

కళాశాలకు దరఖాస్తు చేసేముందు ఒకసారి తరగతులు జరిగే వేళకు వెళ్లి వరండాలో నిలబడి వినండి. వయొలిన్‌కు రెగ్యులర్ అధ్యాపకులున్నారా, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్నారా అడగండి. మంచి ప్రభుత్వ కళాశాలల్లోనూ ఖాళీలు భర్తీ కాక కొన్ని విభాగాలు నీరసించాయి. అలాంటి చోట పట్టా కోసం చేరి, పాఠం బయట గురువు దగ్గర చెప్పించుకోవాల్సి వస్తుంది. ఆ ఖర్చుకు కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల స్కాలర్‌షిప్ ఆసరా అవుతుంది. 18 నుంచి 25 ఏళ్ల మధ్యవాళ్లకు నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇస్తారు. అంతకన్నా చిన్నపిల్లలకు సీసీఆర్టీ ప్రతిభాన్వేషణ స్కాలర్‌షిప్ ఉంది, వయసు 10 నుంచి 14 ఏళ్లు. గురువు ధ్రువపత్రం, వయసు ధ్రువీకరణ ముందే సిద్ధం చేసి పెట్టుకోండి, ప్రకటన వచ్చాక గడువు కొద్దిరోజులే ఉంటుంది.