బొమ్మల పుస్తకంలో మా ఇల్లు



మేము ఆత్మకూరులో ఆరో తరగతి చదివేటప్పుడు ఒకసారి ‘మా ఇల్లు’ బొమ్మ గీయమన్నారు. రూములో పదిమందిమీ ఒకే ఇల్లు గీశాం. ఎర్ర పెంకులు, పక్కన కొబ్బరిచెట్టు, వెనక రెండు కొండలు, నడుమ సూర్యుడు. ఉదయగిరి వైపు కొండలకు కొదవ లేదు గానీ ఆ ఇల్లు మాత్రం మాలో ఎవరికీ లేదు. మా ఇంట్లో గోడకు వేలాడే పలకను గీయాలని మాకు తోచలేదు. (మా వైపు డప్పును పలక అంటాం. బళ్ళో అక్షరాలు దిద్దేదీ పలకే.) తోచలేదనడం అబద్ధం. సిగ్గుపడ్డాం.

మా కుటుంబంలో డిగ్రీ దాటిన మొదటివాళ్ళం మేమే. పీజీలో పిల్లల బొమ్మల పుస్తకాల గురించి చదువుతుంటే ఆ పాత బొమ్మ గుర్తొచ్చింది.

అమెరికాలో లాటినో పిల్లలకూ ఇదే లోటు ఉండేది. న్యూయార్క్ గ్రంథాలయంలో పనిచేసిన ప్యూర్టోరికో మహిళ పురా బెల్‌ప్రే పేరుతో 1996 నుంచి లాటినో రచయితలకు, చిత్రకారులకు అవార్డు ఇస్తున్నారు. 2016లో బొమ్మలకు అది రాఫెల్ లోపెజ్‌కు వచ్చింది. మార్గరీటా ఎంగిల్ రాసిన ఆ పుస్తకం, ఆడపిల్లలు డ్రమ్ము ముట్టకూడదనే కట్టుబాటును 1930లలో దాటిన క్యూబా బాలిక మిల్లో కథ. మా పల్లెలో ఆడపిల్ల పలక పట్టడం మేమూ చూడలేదు. మా చెల్లి మాత్రం అన్నం గిన్నె మీద దరువు తప్పకుండా వేసేది.

తెలుగులోనూ ప్రయత్నం జరిగింది. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో దళిత, ముస్లిం ఇళ్ళ బాల్యాన్ని బొమ్మలతో పుస్తకాలుగా తెచ్చింది. రాసినవారిలో గోగు శ్యామల, గోపిని కరుణాకర్, మన కావలి వారైన మహమ్మద్ ఖదీర్‌బాబు ఉన్నారు. ఖదీర్‌బాబు కథ తలకాయ కూర గురించి. మనం స్కూల్లో పేరు చెప్పడానికి జంకే కూర!

పలక గురించి అలాంటి పుస్తకం వస్తే ఏం వేయాలి? చెక్క చట్రానికి బిగించిన తోలు. చెమ్మకు అది వదులైతే గడ్డిమంట మీద కాచడం. ఒక చేతిలో లావు పుల్ల, మరో చేతిలో సన్న పుల్ల. కాచేటప్పుడు నాన్న వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకొని వినేవాడు. ఆ ముఖం మాటల్లో రాయడం మాకు చేతకాలేదు. బొమ్మే కావాలి.

ఈ వార్షికోత్సవానికి ఆరో తరగతి తమ్ముళ్ళకు తెల్లకాగితాలు, రంగు పెన్సిళ్ళు తెస్తున్నాం. ‘మా ఇల్లు’ గీయమంటాం. ఇంట్లో నిజంగా కొబ్బరిచెట్టు ఉన్నవాళ్ళు కొబ్బరిచెట్టే గీయవచ్చు.